పళ్ళెంలో బాపనబూరి

2022 ఆగస్టులో నెల్లూరు ఊరి చివర ఉన్న ఒక నర్సరీలో ‘ఫుకియన్ టీ, ఇంట్లో పూచే బోన్సాయ్’ అని అట్టముక్క తగిలించి ఉన్న చిన్న చెట్టును 1,800 రూపాయలకు కొన్నాను. అడుగు ఎత్తు, రెండు మెలికలు తిరిగిన బూడిదరంగు మొదలు, చిటికెన వేలి గోరంత ఆకులు, వాటి నడుమ అక్కడక్కడ బియ్యపు నూక చల్లినట్టు తెల్లని పూలు ఉన్నాయి. అది కడియం నుంచి వచ్చిన సరుకనీ, రోజుకు ఒక గ్లాసు నీళ్ళు పోస్తే చాలనీ, ఎండ అక్కర్లేదనీ అమ్మినతను చెప్పాడు. ఆ మూడింటిలో మొదటి మాటను మాత్రమే నమ్మి ఉండాల్సిందని తర్వాత తెలిసింది.

మేముండేది వేదాయపాళెంలో, రెండో అంతస్తులో. చెట్టును తెచ్చి హాల్లో టీవీ బల్ల మీద పెట్టాను. చూడటానికి ముచ్చటగానే ఉంది. పది రోజులకు పూలన్నీ రాలిపోయాయి. పూలు రాలడం సహజమే కదా అనుకున్నాను. మూడో వారానికి లోపలి కొమ్మల ఆకులు పసుపుపచ్చగా మారి, బల్ల తుడిచినప్పుడల్లా గుడ్డకు అంటుకుని రావడం మొదలైంది. నీళ్ళు చాలలేదేమోనని రెండు గ్లాసులు పోశాను. అప్పుడు ఆకులు మరింత వేగంగా రాలాయి. సెప్టెంబరు చివరికి కొమ్మల కొనల్లో తప్ప ఎక్కడా పచ్చదనం లేదు. బతికే ఉందా అని చూడటానికి మొదలు మీద బెరడును గోటితో నూలుపోగంత గీరితే లోపల లేత ఆకుపచ్చ పొర, కొద్దిగా తడితో కనిపించింది. ఆ పచ్చని గీతను చూశాకనే దీన్ని పారవేయకూడదని నిశ్చయించుకున్నాను.

నేను మొదట చేసిన మంచి పని వెలుతురును కొలవడం. ఫోనులో వెలుతురు కొలిచే ఆప్ ఒకటి వేసుకుని చూస్తే టీవీ బల్ల దగ్గర 150 లక్సులు, తూర్పు కిటికీ గట్టు మీద పొద్దున ఎనిమిది వేలకు పైన, బాల్కనీ నీడలో దాదాపు ఇరవై వేలు చూపించింది. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. మన కంటికి హాలు కూడా వెలుతురుగానే ఉంటుంది, ఎందుకంటే కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది. ఆకుకు ఆ సౌకర్యం లేదు. టీవీ బల్ల మీద నా చెట్టు నెల రోజులు పస్తు ఉన్నదన్నమాట. పస్తున్న చెట్టు నీళ్ళు తాగదు కాబట్టి నేను పోసిన రెండో గ్లాసు వేళ్ళ దగ్గరే నిలిచి వాటికి ఊపిరాడకుండా చేసింది.

‘ఇంటి చెట్టు’ అన్న బిరుదు దీనికి ఎలా వచ్చిందో కూడా అప్పుడే చదివి తెలుసుకున్నాను. దక్షిణ చైనా నుంచి ఐరోపాకు, అమెరికాకు వెళ్ళిన ఈ చెట్టు అక్కడి చలికి తట్టుకోలేదు. శీతాకాలమంతా అక్కడివాళ్ళు దాన్ని ఇంట్లో, కిటికీ పక్కన, కొందరైతే దీపాల కింద పెట్టి కాపాడుకుంటారు. అంటే దాన్ని ఇంట్లోకి చేర్చింది చలి భయమే గాని నీడ మీద ఇష్టం కాదు. ఆ బిరుదు అక్కడి నుంచి మన నర్సరీల అట్టముక్కల మీదికి ఎక్కింది. సంక్రాంతి నాటికి కూడా శాలువా దులపని నెల్లూరులో ఈ చెట్టును ఎండ నుంచి దాచవలసిన అవసరం మే నెలలో తప్ప మరెప్పుడూ లేదు.

తూర్పు కిటికీకి మార్చిన ఇరవై రోజులకు కణుపు కణుపునా ఆవగింజంత చివుళ్ళు వచ్చాయి. ఆ సంబరం కార్తీకం దాకా నిలిచింది. తర్వాత వచ్చిన కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మధ్య భాగమంతా పాలిపోయి, వల అల్లినట్టు కనిపించసాగాయి. కుండీ అంచుల్లో, మట్టి మీద సున్నం కొట్టినట్టు తెల్లని పెచ్చు. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్ళతో బిందెలకు పట్టే పెచ్చు అదే. ఎదురింటి అబ్బాయి దగ్గర, నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు తెచ్చి ముంచితే 1,400 చూపించింది. నేల మీది చెట్టుకైతే ఒక గట్టి వాన ఆ లవణాలను కిందికి దింపేస్తుంది. బోన్సాయ్ పళ్ళెం లోతు రెండున్నర అంగుళాలు. అందులో పోసిన నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది, రోజూ కొంత కొంత పేరుకుంటుంది. అటువంటి సున్నపు మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని అందుకోలేదు, అందువల్లనే ఆకు అలా పాలిపోతుంది.

మందు కంటే ముందు నీళ్ళు మార్చాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనం ఉంటుంది కాబట్టి బాల్కనీ చూరు కింద రెండు డ్రమ్ములు పెట్టి వాననీరు పట్టాను. మూతకు దోమతెర కట్టాను. అవి అయిపోయాక తాగే నీళ్ళ క్యానులోంచి రోజుకు అర లీటరు తీస్తున్నాను. తాగే నీళ్ళు చెట్టుకు పోస్తున్నానని ఇంట్లో చాలా రోజులు మాట పడ్డాను. ఆ మాట పడటం కూడా ఈ పెంపకంలో భాగమే అనుకోవాలి. మా ఇంటి ఫిల్టరు బయటకు వదిలే నీళ్ళు పోస్తే సరిపోదా అని ఒకరు సలహా ఇచ్చారు. ఆ వదిలే నీళ్ళలోనే బోరు ఉప్పంతా చిక్కబడి ఉంటుంది కనుక అంతకంటే విషం మరొకటి లేదు. పాలిపోయిన ఆకులకు ఎరువుల దుకాణంలో దొరికే 12 శాతం ఇనుప చీలేటును (మొక్క సులువుగా అందుకునే రూపంలో ఉన్న ఇనుమును) లీటరుకు అర గ్రాము చొప్పున కలిపి, సాయంత్రం పూట, పది రోజులకొకసారి మూడుసార్లు ఆకుల మీద పిచికారీ చేశాను. పాత ఆకులు కోలుకోలేదు గాని, కొత్తవి ముదురు పచ్చగా, నిగనిగలాడుతూ వచ్చాయి.

కుండీ మార్చడానికి 2023 ఫిబ్రవరి దాకా ఆగాను. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ మూడు నాలుగు వారాలు మన ప్రాంతానికి అనువైనవి. నర్సరీ కుండీలో పైన అందంగా పరిచిన గులకరాళ్ళు చేత్తో తీద్దామంటే రాలేదు. జిగురు పోసి అతికించినవి. వాటిని స్క్రూడ్రైవరుతో పెల్లగిస్తే కింద నల్లని బంకమట్టి ముద్ద, దాని నడుమ పిడికెడు కొబ్బరి పొట్టు, చుట్టూ కుండీ ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్ళు. రెండు గ్లాసుల నీళ్ళు ఎక్కడ నిలిచాయో కళ్ళతో చూశాను. ముద్దను బక్కెట్టు నీళ్ళలో ఒక గంట నానబెట్టి, వెదురు పుల్లతో బయటి నుంచి లోపలికి కాకుండా, మొదలు నుంచి చివరల వైపుకు దువ్వినట్టు విడదీశాను. కుళ్ళిన నల్లవేళ్ళు వేలితో పట్టుకుంటే పైపొర తొడుగులా ఊడి వచ్చింది. వాటిని పూర్తిగా, బాగున్న వేళ్ళను మూడో వంతు మేర కత్తిరించాను.

మట్టి విషయంలో జపాన్ నుంచి వచ్చే మట్టి గుళికలు తెప్పించుకొమ్మని చెప్పేవాళ్ళున్నారు. వాటి ధరకు ఇంకో రెండు చెట్లు వస్తాయి. మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర పడేసిన ఇటుక ముక్కలను సుత్తితో కొట్టి, పప్పు జల్లెడలో ఒకసారి, పిండి జల్లెడలో ఒకసారి జల్లించాను. పెసరగింజ నుంచి శనగగింజ దాకా ఉన్న పలుకులు మాత్రం ఉంచుకుని, పొడిని పారేశాను. ఆ పలుకులు రెండు పాళ్ళు, కడిగిన పెన్న ఇసుకలో ముతకది ఒక పాలు, మాగిన వర్మికంపోస్టు ఒక పాలు కలిపాను. పొడి పారేయడమే ఇందులో అసలు సంగతి, ఎందుకంటే ఆ పొడే నీటి దారులు పూడ్చి మళ్ళీ బంకమట్టి అవుతుంది. పది అంగుళాల పింగాణీ పళ్ళెం రంధ్రాలకు దోమతెర ముక్కలు వేసి, రంధ్రాల గుండా తీగ తెచ్చి వేళ్ళ మీదుగా బిగించి కట్టాను. కట్టకపోతే గాలికి చెట్టు ఊగినప్పుడల్లా కొత్త నూలువేళ్ళు తెగిపోతాయి. రెండు వారాలు నీడలో, పైన వదులుగా పాలిథిన్ కవరు కప్పి ఉంచాను. ఎరువు నెల దాకా వేయలేదు.

ఆకారం తీర్చే పనిని ఆ ఏడాది జూలైలో మొదలుపెట్టాను. ఆ ఐదు నెలల్లో చెట్టు ముళ్ళపందిలా అన్ని వైపులకూ పెరిగింది. ముందుగా దాన్ని తిరిగే పీట మీద పెట్టి, ఎటు నుంచి చూస్తే వేళ్ళు నేలను పట్టుకున్నట్టు కనిపిస్తాయో, ఎటు నుంచి మెలిక సహజంగా ఉందో రెండు రోజులు చూశాను. నర్సరీవాళ్ళు ముందువైపు అనుకున్నది నాకు వెనుకవైపు అయింది. ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉన్న కొమ్మల్లో ఒకదాన్ని, మెలిక లోపలి వంపులోంచి వచ్చినవాటిని తీసేశాను. మొదటి కొమ్మ మొత్తం ఎత్తులో మూడో వంతు దగ్గర ఎడమకు, దాని పైన ఒకటి కుడికి, లోతు కనిపించడానికి ఒకటి వెనక్కి ఉండేలా చూసుకున్నాను.

తర్వాత తీగ. అల్యూమినియం తీగ కొమ్మ మందంలో మూడో వంతు ఉండాలి, ఏటవాలుగా చుట్టాలి, మరీ దగ్గరగా చుడితే పట్టు ఉండదు. ఇవన్నీ తెలిసి కూడా నేను తప్పు చేశాను. ఎడమవైపు మొదటి కొమ్మ పెన్సిలంత లావుంది. దాన్ని కిందికి వంచుతూ, రెండు బొటనవేళ్ళ నడుమ ఇంకాస్త, ఇంకాస్త అంటుండగా ‘టిక్’ మన్న శబ్దం వినపడింది. శబ్దం చిన్నదే. చెయ్యి తీసి చూస్తే పైవైపు బెరడు పగిలి, చీలికలోంచి తెల్లని చెక్క, గడ్డిపరకల్లా లేచిన నారలు. ఈ జాతి ముదురు కొమ్మ వంగదు, విరుగుతుంది. లేత కొమ్మలకు మాత్రమే తీగ పనికొస్తుంది. ఆ కొమ్మను యథాస్థానానికి తెచ్చి, చీలిక మూసుకునేలా టేపు చుట్టి, పైన మైనం రాసి వదిలేశాను. అది బతికింది. ఆ చోట ఇప్పుడు మోకాలి చిప్పలాంటి బొడిపె ఉంది. చూసినవాళ్ళు అదే చెట్టుకు అందమంటారు, నేను వాళ్ళతో వాదించను.

లేత కొమ్మలకు వేసిన తీగను కూడా మన వేడిలో మరచిపోకూడదు. చలి దేశాలవాళ్ళు ఆరు నెలలు ఉంచవచ్చని రాస్తారు. నాకు ఏడో వారానికే తీగ బెరడులోకి దిగడం మొదలైంది. విప్పబోతే కొమ్మ విరుగుతుందని కట్టరుతో ముక్కలుగా కోసి తీశాను. అప్పటి నుంచి తీగ మానేసి, దక్షిణ చైనాలో లింగ్‌నాన్ పద్ధతివాళ్ళు చేసేది చేస్తున్నాను: కత్తిరించడం, పెరగనివ్వడం, మళ్ళీ కత్తిరించడం. ఈ చెట్టుకు ఆకులు ఒకటి విడిచి ఒకటి, ఒక్కో దిక్కుకు వస్తాయి. కొమ్మ ఎటు తిరగాలో అటు చూస్తున్న ఆకుకు కొద్దిగా పైన కత్తిరిస్తే ఆ ఆకు మొదట్లోంచి పుట్టే చిగురు అటే పోతుంది. ఇది నిదానమైన పని, కాని కత్తెర కంటే ఎక్కువేమీ అక్కర్లేదు.

ఆ ఉత్సాహంలోనే పూలు పోగొట్టుకున్నాను. ఆకారం చెడకూడదని ప్రతి ఆదివారం కొనలు చిదిమేదాన్ని. చెట్టు దిండులా దట్టంగా, నున్నగా తయారైంది గాని ఇంటికి తెచ్చి ఏడాది దాటినా ఒక్క కొత్త మొగ్గ లేదు. దీనికి పూలు కొత్తగా పెరిగిన కొమ్మల మీద, ఆకు మొదట్లో వస్తాయి. నేను వారం వారం గిల్లి పారేసింది ఆ కొత్త కొమ్మనే.

మధ్యలో 2023 డిసెంబరు తుఫాను ఒకటి. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అంతకు ముందు నుంచే మాకు కుండపోత. నాలుగు రోజులు కిటికీ రెక్కలు మూసి, చెట్టును లోపలికి జరిపి, కరెంటు లేక చీకట్లో ఉంచాం. తలుపులు తీసేసరికి కొమ్మల సందుల్లో దూదిపింజల్లాంటి పిండినల్లి పట్టి ఉంది, దాని చుట్టూ చీమలు. ఈ పురుగు స్రవించే తీపి కోసం చీమలే దాన్ని కాపలా కాస్తాయి, కాబట్టి చీమలను ఆపకుండా పురుగును చంపి లాభం లేదు. పళ్ళేన్ని నీళ్ళు పోసిన వెడల్పాటి తట్ట మధ్యలో, ఇటుక మీద పెట్టాను. కనిపించిన పింజలను పాత టూత్‌బ్రష్‌తో తీసి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి వారానికోసారి నాలుగు వారాలు కొట్టాను. ఇల్లంతా వేప కంపు. వేసవిలో ఎర్రనల్లి వస్తే మాత్రం మందు కూడా లేకుండా, ఆకుల అడుగుకు పొద్దున్నే నీళ్ళు గట్టిగా చిమ్మితే సరిపోతోంది.

2024 జనవరి నుంచి కత్తెరకు కట్టుబాటు పెట్టుకున్నాను. కొమ్మను ఏడెనిమిది ఆకుల దాకా పోనిచ్చి, తర్వాతే రెండు మూడు ఆకులు మిగిల్చి కత్తిరించాను. మార్చి తర్వాత అదీ ఆపేశాను. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 19:19:19 ఎరువును లీటరుకు ఒక గ్రాము చొప్పున పదిహేను రోజులకొకసారి ఇస్తూ, ఎప్పుడైనా బాల్కనీలో ఉన్నప్పుడు వేరుశనగ చెక్క నానబెట్టిన తేటను పదింతల నీళ్ళు కలిపి పోశాను. ఆ తేటను హాల్లో పోసే సాహసం ఎవరూ చేయవద్దని మనవి. రోహిణి కార్తెలో పడమటి వడగాలి మొదలైనప్పుడు పొద్దున తొమ్మిది దాకా ఎండ చూపించి, తర్వాత లోపలి గట్టు మీదికి జరిపాను. రోజుకు రెండు పూటలా, కింది రంధ్రాల్లోంచి ధార కట్టేదాకా నీళ్ళు పోశాను. మిగతా కాలమంతా నీళ్ళకు గడియారం లేదు. మట్టిలో వేలి కొన దూర్చి, తడి తగలకపోతే పోస్తాను. ఇప్పుడు పళ్ళెం ఎత్తితేనే బరువును బట్టి తెలిసిపోతోంది.

జూలైలో రెండు వానలు పడ్డాక ఆకుల సందున ఆవగింజల గుత్తులు కనిపించాయి. చిగుళ్ళనుకుని కత్తెర కూడా తీశాను. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే మొగ్గలు. వారం తర్వాత మొదటిది విచ్చింది. ఐదు రేకులు, చొక్కా గుండీ కంటే చిన్నది, తెలుపు. మల్లె మందారాలు పూసే ఇంట్లో దీన్ని పువ్వు అని పిలవడానికి కొంచెం మొహమాటపడాలి. అయినా ఆ వారమంతా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనూ కిటికీ దగ్గరికి తీసుకుపోయాను.

ఆ వచ్చినవాళ్ళలో మా అమ్మ ఒకతె. ఆమెది ఉదయగిరి దారిలోని మెట్ట ఊరు. కళ్ళు చికిలించి చూసి, ఒక ఆకు తుంచి, బొటనవేలితో పైభాగం నిమిరింది. ఈ ఆకు పైన తెల్లని చుక్కలు, గరుకు, కొసన మూడు గంట్లు ఉంటాయి.

“ఏందే, దీనికి డబ్బులిచ్చినావా?”

“పద్దెనిమిది వందలమ్మా. ఫుకియన్ టీ.”

“టీ లేదు, తోక లేదు. బాపనబూరి ఇది. మన చేను గట్టున ఎంత కావాలంటే అంత. మేకలు కొరికి కొరికి అచ్చం ఇట్టనే గుబురు చేసి పెడతాయి.”

నేను నమ్మలేదు. ఆ రాత్రి వెతికి చూస్తే అమ్మ మాటే నిజం. సామర్లకోట కేంద్రంగా ఈ తీరపు మొక్కలెన్నిటికో బొమ్మలు గీయించిన స్కాట్లాండు వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, 18వ శతాబ్దం చివర్లోనే ఈ పొదను వర్ణిస్తూ దాని తెలుగు పేరుగా బాపనబూరినే రాశాడు. చైనా నుంచి ఫిలిప్పీన్స్ దాకా, ఇటు మన కోస్తా చిట్టడవుల దాకా ఇది సొంతంగా పెరిగే పొద. ఫిలిప్పీన్స్‌లో కడుపునొప్పికి దీని ఆకులు కాచి తాగుతారు. మన దగ్గర మేకలు తింటాయి. అవి చేసేదే లింగ్‌నాన్ పద్ధతి, రుసుము లేకుండా.

పూలు రాలాక మిరియాలంత కాయలు నిలిచి, పచ్చ నుంచి నారింజకు, ఆపైన ఎరుపుకు తిరిగాయి. ఒక్కసారి పట్టు దొరికాక అప్పటి నుంచి ఏడాదిలో రెండు మూడు విడతలు పూస్తూనే ఉంది. మొదటి విడత పండ్లలో ఆరింటిని గుజ్జు కడిగి, ఇసుక నింపిన టీ కప్పుల్లో పాతాను. మూడు మొలిచాయి. రెండు నా కిటికీలో, తాగే నీళ్ళతో, నూలుపోగంత మొదళ్ళతో నిలబడి ఉన్నాయి. మూడోదాన్ని అమ్మ ఊరికి పట్టుకుపోయి, ఎందుకు పట్టుకుపోతోందో ఆమెకే తెలియాలి, గట్టు మీద పాత పొదల పక్కనే నాటింది. దానికి బోరు నీళ్ళే పోస్తోందట. నా రెండింటి కంటే జానెడు ఎత్తు పెరిగిందని నిన్న ఫోనులో చెప్పింది.